ఏ భాగం ఏ కాలానిది: క్లాసిక్ బండిని ఇంట్లో చూసుకోవడం, మార్చుకోవడం

2008లో ట్రయంఫ్ బానవిల్ మోటార్‌సైకిలుకు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టినప్పుడు కంపెనీ ఒక చిన్న మాయ చేసింది. ఇంజెక్షన్‌కు కావలసిన థ్రాటిల్ బాడీలను (ఇంజన్‌లోకి గాలిని వదిలే గొట్టాలను) పాత కార్బురేటర్ల ఆకారంలోనే తయారు చేయించింది. దారిన పోయేవాళ్లకు అవి అచ్చం కార్బురేటర్లే. లోపల జెట్లు లేవు, సూది లేదు, ఫ్లోటు లేదు. 2016లో అదే పేరుతో వచ్చిన కొత్త ఇంజన్ నీళ్లతో చల్లబడుతుంది. అయినా సిలిండర్ చుట్టూ పాత కాలపు రెక్కలు అలాగే ఉన్నాయి, రేడియేటర్ మాత్రం ముందున్న ఫ్రేము గొట్టాల మధ్య పెద్దగా కంటపడకుండా ఒదిగిపోయింది.

క్లాసిక్ తరహా బండ్లన్నీ ఎంతో కొంత ఈ మాయ మీదే నడుస్తున్నాయి. 1999లో కవాసాకీ డబ్ల్యూ650, 2001లో కొత్త బానవిల్, 2009లో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్, 2010లో హోండా సీబీ1100 వచ్చాయి. గుండ్రటి హెడ్‌లైటు, కన్నీటి చుక్కలాంటి ట్యాంకు, వెనక రెండు షాకబ్జార్బర్లు, చాలావాటి పుల్లల (స్పోకుల) చక్రాలు చూస్తే ఇవన్నీ 1960ల నాటి బండ్లే అనిపిస్తాయి. వీటి మధ్య నిజంగా పాతది ఒకటుంది. యమహా ఎస్ఆర్400 1978లో పుట్టి, 2021లో ఉత్పత్తి ఆగేదాకా కిక్ కొట్టి స్టార్ట్ చేసే బండిగానే ఉండిపోయింది.

ఇంట్లో పానా పట్టుకునేవాళ్లకు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చూస్తే పాత బండిలా ఉంది కాబట్టి పాత బండి మెళకువలు దీనికీ చెల్లుతాయనుకుంటారు. సగం చెల్లుతాయి. చైను, పుల్లలు, కేబుళ్లు, వెనక షాకబ్జార్బర్ల దగ్గర వెనకటి పనితనం ఇప్పటికీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. పెట్రోలు, మంట, బ్రేకుల ఏబీఎస్, వైరింగ్ దగ్గర అదే పనితనం బండిని పాడుచేస్తుంది. కాబట్టి ఏ నట్టు ముట్టుకున్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ భాగం ఏ కాలానిది?

సామాన్ల పెట్టె నుంచే ఈ ప్రశ్న పనిచేస్తుంది. అసలు సిసలు పాత బ్రిటిష్ బండ్లకు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల పానాలు కావాలి. వాటి వారసులుగా చెప్పుకునే నేటి బండ్లకు అన్నీ మిల్లీమీటర్ల కొలతలే. తాతల నాటి పానాల సెట్టు ఇంట్లో ఉంటే దాన్ని అటక మీద జ్ఞాపకంగా ఉంచడమే మేలు, దాదాపుగా పట్టే పానా నట్టు మూలలను గుండ్రంగా అరగదీస్తుంది. జపాన్ బండ్లలో ఇంకో తిరకాసు ఉంది. వాటి మీది ప్లస్ గుర్తు స్క్రూలు చూడ్డానికి మామూలు ఫిలిప్స్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ అవి జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. చాలావాటి తల మీద ఒక చిన్న చుక్క కనిపిస్తుంది. ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వాటిలో అడుగుదాకా దిగదు, గట్టిగా తిప్పితే జారి తలను చెక్కేస్తుంది. కార్బురేటర్ గిన్నె స్క్రూలు పాడవడానికి తరచూ ఇదే కారణం. జేఐఎస్ కొనలున్న స్క్రూడ్రైవరు ఒకటి కొనుక్కుంటే ఈ బాధ తీరిపోతుంది.

బిగింపు గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. ఇంటి రిపేర్లలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం లూజుగా వదిలేయడం వల్ల కాదు, మరీ బిగించడం వల్ల వస్తుంది. ఇంజన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు చాలా బండ్లలో 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగింపు చాలు. అంటే పావు మీటరు పొడవున్న పానా చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. చెయ్యి మాత్రం అక్కడ ఆగదు, ‘ఆయిల్ కారితే ఎలా’ అన్న టెన్షన్ ఇంకో అర చుట్టు తిప్పిస్తుంది. బోల్టు ఇనుము, ఇంజన్ పెట్టె అల్యూమినియం. పోయేది అల్యూమినియం మరే. అప్పుడు మర కోసి, లోపల స్టీలు తీగ చుట్ట కూర్చాలి. పది నిమిషాల పని రెండు రోజుల పని అవుతుంది. డ్రెయిన్ బోల్టు కింది వాషరు ప్రతిసారీ మారిస్తే తక్కువ బిగింపుతోనే ఆయిల్ ఆగుతుంది. వెనక ఇరుసు నట్టుకైతే ఇంతకు మూడు నాలుగింతలు బిగింపు కావాలి. అక్కడ ‘చేతి అంచనా’ సాధారణంగా తక్కువ పడుతుంది. అందుకే మెరిసే సైలెన్సర్ కంటే ముందు కొనాల్సింది టార్క్ రెంచ్. అది కూడా రెండు సైజుల్లో ఉండాలి, ఎందుకంటే పెద్ద రెంచ్ చిన్న బిగింపులను సరిగా చూపదు.

బోల్టులకు గ్రీజు పూయడం మంచి అలవాటే. అల్యూమినియంలో స్టీలు బోల్టు పట్టేయకుండా రాగి పేస్టు రాస్తారు. అయితే మాన్యువల్‌లో ఇచ్చే అంకె చాలాసార్లు పొడి మరకు ఇచ్చింది. పేస్టు రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు ఎక్కువ సాగుతుంది. కాబట్టి పేస్టు రాసిన చోట బిగింపు కొంచెం తగ్గించాలి. మాన్యువల్ ఏ మరకు గ్రీజు చెప్పింది, దేనికి లాక్ జిగురు చెప్పింది అన్నది చదవకుండా అన్నిటికీ ఒకే మందు పూయడం ఇంటి మెకానిక్కుల సాధారణ జబ్బు.

ఆయిల్ మార్చడం అందరూ మొదట నేర్చుకునే పని, నిజంగా తేలికైన పని. ఇక్కడ తప్పు జరిగేది డబ్బా ఎంచుకునే దగ్గర. ఎక్కువ బండ్లలో ఇంజన్, గేర్లు, క్లచ్ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కార్ల కోసం చేసిన కొన్ని పల్చటి ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. పట్టు కోసం రాపిడి మీదే ఆధారపడే క్లచ్ ప్లేట్లకు ఆ మందు విషం. ఎక్సలేటర్ తిప్పితే ఇంజన్ శబ్దం పెరుగుతుంది, బండి వేగం పెరగదు. డబ్బా మీద జాసో అనే జపాన్ ప్రమాణం గుర్తు, అంటే జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందా అని చూసుకుంటే చాలు. జాసో ఎంబీ అని ఉంటే అది తడి క్లచ్ లేని స్కూటర్ల లాంటి వాటికి. ‘పాత తరహా బండి కదా, చిక్కటి ఆయిల్ పోస్తే మంచిది’ అన్న సలహా కూడా కాలం చెల్లిందే. ఎంత చిక్కన అన్నది ఇంజన్ లోపలి సందులు, ఆయిల్ పంపు నిర్ణయిస్తాయి, ట్యాంకు ఆకారం కాదు. ఆయిల్ మట్టం చూసే పద్ధతి కూడా బండిని బట్టి మారుతుంది. ఎస్ఆర్400లో ఆయిల్ ఇంజన్ కింద కాదు, ఫ్రేము గొట్టంలో నిలవ ఉంటుంది. చాలా రోజులు ఆగిన బండిలో అది మెల్లగా కిందికి జారిపోతుంది. చల్లటి ఇంజన్ మీద కొలత పుల్ల తీసి చూసి, తగ్గిందని ఇంకో అర లీటరు పోసేవాళ్లు తర్వాత ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఆయిల్ ఎందుకొచ్చిందా అని తల గోక్కుంటారు.

చైను మాత్రం పూర్తిగా చేతి పని. ఏ కంప్యూటరూ దీని జోలికి రాదు. ఇప్పటి చైన్లలో ప్రతి లింకు పిన్ను చుట్టూ గ్రీజును మూసి ఉంచే రబ్బరు రింగులుంటాయి. బయట పూసే నూనె లోపలికి పోదు. అది రింగులు ఎండిపోకుండా, రోలర్లు పళ్ల మీద అరగకుండా, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అందుకే చైను కడగడానికి కిరోసిన్, మెత్తటి బ్రష్ సరిపోతాయి. పెట్రోలు, తీగల బ్రష్ ఆ రబ్బరును తినేస్తాయి. బండి నడిపి వచ్చాక, చైను వెచ్చగా ఉన్నప్పుడు, కింది వరసలో లోపలివైపు నుంచి నూనె కొడితే చక్రం తిరిగేటప్పుడు అది బయటికి పాకుతుంది. పైనుంచి కొడితే చాలావరకు రిమ్ముకే అంటుకుంటుంది. ఈ పని చేసేటప్పుడు ఇంజన్ ఆపి, గేరు తీసేసి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. స్టాండు మీద ఫస్టు గేరులో ఇంజన్ నడుస్తుండగా గుడ్డ పట్టుకుని చైను తుడవడం వల్ల వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఈ ఒక్క విషయంలో ‘జాగ్రత్తగా చేస్తే ఏం కాదు’ అన్న మాటకు చోటు లేదు.

చైను లూజు ఎంత ఉండాలో వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ఆర్మ్ మీద స్టిక్కరే చెబుతుంది. చాలా బండ్లకు అది 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ లూజు ఎందుకో అర్థమైతే అంకె గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వెనక చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు, ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం), స్వింగ్ఆర్మ్ కీలు, వెనక ఇరుసు మూడూ ఒకే గీతలోకి వచ్చే క్షణంలో చైను గరిష్ఠంగా బిగుస్తుంది. స్టాండు మీద అందంగా బిగించిన చైను, మనుషులు ఎక్కి గుంతలో పడగానే గేరుబాక్సు బయటి షాఫ్టు బేరింగును లాగేస్తుంది. లూజు చైను చప్పుడు చేసి చెబుతుంది, బిగుసుకున్న చైను చప్పుడు చేయకుండా బేరింగును తినేస్తుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే కాస్త లూజే నయం. చైను అంతా ఒకేలా సాగదు కాబట్టి చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట కొలవాలి. అరుగుదల తెలియాలంటే ఇంకో కొలత ఉంది. 520, 525, 530 చైన్లలో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 15.875 మిల్లీమీటర్లు. కొత్త చైనులో 20 లింకుల పొడవు 317.5 వస్తుంది. బరువు వేలాడదీసి కొలిస్తే అది 320 దగ్గరికి పోయిందంటే, మాన్యువల్ చెప్పే హద్దు సాధారణంగా వచ్చేసినట్టే. అప్పుడు చైను ఒక్కటే కాదు, రెండు స్ప్రాకెట్లూ కలిపి మార్చాలి. అరిగిన పళ్లు కొత్త చైనును కొన్ని నెలల్లోనే తమంతటి దాన్ని చేసుకుంటాయి.

వాల్వుల సంగతి బండిని బట్టి పూర్తిగా మారుతుంది, ‘ఏ కాలానిది’ అన్న ప్రశ్న ఇక్కడ సూటిగా తగులుతుంది. పాత బుల్లెట్లలో పుష్‌రాడ్ల (వాల్వులను కదిలించే కడ్డీల) దగ్గర మర తిప్పి వాల్వు ఖాళీ సరిచేయడం మామూలు పని. 2009 క్లాసిక్‌తో వచ్చిన యూసీఈ ఇంజన్‌లోనూ (ఇంజన్, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండేది) పుష్‌రాడ్లే ఉన్నాయి, కానీ హైడ్రాలిక్ ట్యాపెట్లు ఖాళీని అవే సర్దుకుంటాయి. అక్కడ సరిచేయడానికి ఏమీ లేదు. కొన్ని బండ్లలో స్క్రూ, లాక్ నట్టు ఉంటాయి. అది ఫీలర్ గేజి (సన్నటి రేకులతో సందు కొలిచే సాధనం) పట్టుకోగల ఎవరైనా ఓ సాయంత్రం కూర్చుని చేసుకోవచ్చు. ఇంకొన్నిటిలో లెక్కగట్టిన మందంలో షిమ్ బిళ్లలు మార్చాలి. ఏ పద్ధతైనా ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే కొలవాలి. రెండు సిలిండర్ల బండిలో ఇంకో మెలిక ఉంది. క్రాంకు 360 డిగ్రీల అమరికలో ఉంటే రెండు పిస్టన్లూ కలిసే పైకి వస్తాయి, కానీ మంట ఒకదాంట్లోనే. పిస్టన్ పైకి వచ్చిందని చెప్పే గుర్తు కనిపించింది కదా అని రెండింటికీ ఖాళీ కొలిచేస్తే రెండోది తప్పుతుంది.

ట్యాపెట్ శబ్దానికి (వాల్వు ఖాళీ వల్ల వచ్చే టకటకకు) భయపడి ఖాళీ తగ్గించేస్తే వాల్వులు కాలిపోవచ్చు. వాల్వు తన సీటులోకి (మూసుకున్నప్పుడు ఆనుకునే రింగులోకి) అరిగి లోపలికి జరిగేకొద్దీ ఖాళీ పెరగదు, తగ్గుతుంది. చప్పుడూ తగ్గుతుంది. ‘ఇంజన్ ఇప్పుడు ఎంత మెత్తగా ఉందో’ అని మురిసిపోయే దశలోనే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోవడం మానేసి ఉండొచ్చు. ఆ వాల్వు తన వేడిని సీటుకు ఆనుకున్న ఆ కాసేపట్లోనే వదిలించుకోవాలి. ఆనుకోకపోతే అంచు కాలుతుంది.

బ్రేకు ఆయిల్ సంగతి చిన్నదే కానీ ఎక్కువమంది వదిలేసేది. బ్రేకుల్లో వాడే డాట్ 4 రకం ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ద్రవం మరిగి ఆవిరి బుడగలు వస్తే లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. అందుకే కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఏబీఎస్ ఉన్న బండిలో పాత ద్రవం ఖరీదైన వాల్వుల పెట్టె లోపల తుప్పు పెడుతుంది కూడా. ట్యాంకు మీద చుక్క పడితే తుడవకుండా వెంటనే నీళ్లు పోయాలి, పెయింటును అది లేపేస్తుంది. డాట్ 5 అనేది పేరులో దగ్గరిదే గానీ సిలికాన్ ద్రవం. డాట్ 4తో కలపకూడదు.

పుల్లల చక్రాల్లో సాధారణంగా ట్యూబు ఉంటుంది. ట్యూబు పంచరైతే గాలి నిమిషాల్లో, ఒక్కోసారి క్షణాల్లో పోతుంది. పుల్లలను నెలకోసారి స్పానర్‌తో తట్టి వినడం చాలు. బిగువు పుల్ల టింగుమంటుంది, వదులు పుల్ల మొద్దుగా పలుకుతుంది. ఒకటి రెండు వదులైతే కొంచెం బిగించుకోవచ్చు. చక్రమే వంకర పోతే మాత్రం అది వేరే విద్య, తెలిసిన చేతికి ఇవ్వడమే తెలివి.

బ్యాటరీ దగ్గర పాత అలవాటు ఒకటి దారికి అడ్డం వస్తుంది. కార్బురేటర్ బండిని బ్యాటరీ చచ్చినా చాలాసార్లు తోసో, కిక్ కొట్టో లేపొచ్చు. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపు తిరగాలి, ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు ఈసీయూ మేల్కోవాలి. రెండింటికీ కొంత వోల్టేజి ముందే కావాలి. బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 పైన, ఇంజన్ తిరుగుతున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఛార్జింగ్ బాగున్నట్టు. ఈ రెండు అంకెలు చూడటానికి మల్టీమీటరు చాలు. ‘మిస్సింగ్’ అంటూ ప్లగ్గు, కాయిల్ మార్చేసిన చాలా సందర్భాల్లో అసలు దోషం వదులైన బ్యాటరీ తీగ దగ్గర దొరుకుతుంది.

ఇక మార్పుల సంగతి. క్లాసిక్ బండి కొన్నవాళ్లలో చాలామందికి దాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలనిపించదు, దీనికి చరిత్రే కారణం. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో మొదలైన ఏస్ కెఫే దగ్గర 1950, 60ల్లో కుర్రాళ్లు చేరి బండ్లను వేగం కోసం విప్పి బిగించుకునేవాళ్లు. నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజన్ కూర్చి ట్రైటన్ అన్నారు. కెఫే రేసర్ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆ కుర్రాళ్లకు రూపం ముఖ్యం కాదు. వంగిన హ్యాండిల్, వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు, ఒంటి సీటు, ఇవన్నీ గాలిని కోసుకుని పోవడానికి పెట్టినవి. ఇప్పుడు అదే రూపాన్ని నెమ్మదిగా తిరిగే బండి మీద పెడుతున్నారు. ఎదురుగాలి ఛాతీని మోసేంత వేగం లేనప్పుడు ఒంటి బరువంతా మణికట్ల మీదే పడుతుంది. ఊరి ట్రాఫిక్‌లో క్లిప్ఆన్ (ఫోర్కు గొట్టాలకే బిగించే పొట్టి) హ్యాండిల్‌తో అరగంట పోతే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.

మార్పు అనేది ఎప్పుడూ ఒక్క భాగంతో ఆగదు. హ్యాండిల్ కిందికి దిగితే కేబుళ్లు పొడవు మిగిలి మడత పడతాయి, పైకి లేస్తే చాలవు. హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు క్లచ్ లివరు ట్యాంకును కొట్టుకుంటుందా, ఎక్సలేటర్ కేబుల్ లాగబడి ఇంజన్ వేగం దానంతటదే పెరుగుతుందా అన్నవి బండి కదలకముందే చూడాలి. స్టాండు మీద ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి వింటే తెలిసిపోతుంది. ఈ పరీక్ష చేయని హ్యాండిల్ మార్పు సగం చేసినట్టే.

డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చే మార్పు ఏదంటే నిస్సందేహంగా సస్పెన్షన్. విచిత్రంగా జనం చివరికి వచ్చేది దానికే, బయటికి కనిపించదు కదా. క్లాసిక్ బండ్లలో ముందు ఫోర్కు స్ప్రింగులు, వెనక షాకబ్జార్బర్లు సగటు బరువును ఊహించి, ఖర్చు చూసుకుని పెట్టినవి. మొదటి అడుగుకు ఖర్చేమీ లేదు. మనిషి కూర్చున్నప్పుడు చక్రం పైకీ కిందికీ కదలగల మొత్తం ప్రయాణంలో మూడో వంతుకు కాస్త తక్కువ దిగాలి. 120 మిల్లీమీటర్ల ప్రయాణం ఉంటే 35 నుంచి 40 దాకా. ఇద్దరు సాయం ఉంటే టేపుతో కొలిచేయొచ్చు. వెనక షాకబ్జార్బర్ కింద ఉండే మెట్ల రింగు తిప్పితే ఈ కొలత సర్దుకుంటుంది. ఇక్కడ అందరూ పడే పొరపాటు, ఆ రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందనుకోవడం. స్ప్రింగు గట్టితనం తీగ మందంలో, చుట్లలో ఉంది, దాన్ని ఏ రింగూ మార్చదు. మారేది బండి కూర్చునే ఎత్తు మాత్రమే. రింగు ఆఖరి మెట్టు మీద పెట్టినా బండి ఎక్కువ దిగుతోందంటే స్ప్రింగే మార్చాలని అర్థం.

అందం కోసం వెనక భాగాన్ని లేపేవాళ్లు ఇంకోటి గమనించాలి. షాకబ్జార్బర్ 20 మిల్లీమీటర్లు పొడవు చేస్తే, 1,450 మిల్లీమీటర్ల చక్రాల దూరం ఉన్న బండి ముందుకు దాదాపు ఒక డిగ్రీ వంగుతుంది. ఫోర్కు వాలు అంత తగ్గి, బండి చురుగ్గా తిరుగుతుంది. కొందరికి అది హాయిగా ఉంటుంది. ఎక్కువ వేగంలో హ్యాండిల్ వణకడం కూడా అక్కడి నుంచే రావచ్చు. సైడు స్టాండు పొట్టిదై బండి మరీ వాలుతుంది, చైను లూజు మళ్లీ చూడాలి. అలాగే 130 మిల్లీమీటర్ల వెడల్పు టైరు కోసం చేసిన రిమ్ముకు 150 ఎక్కిస్తే టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి నడిమి భాగం గుడ్డు కొనలా లేస్తుంది. వెడల్పు టైరు కొని నేలను తాకే మేర తగ్గించుకున్నట్టు.

అన్నిటికంటే ఎక్కువ జరిగేది, ఎక్కువ అపోహలున్నది సైలెన్సర్ మార్పు. చాలామందికి బండి తమదైనట్టు అనిపించేది శబ్దం మారాకే. బరువులో పెట్రోలు ఒక వంతుకు గాలి 14.7 వంతులు ఉంటే రెండూ పూర్తిగా కాలిపోతాయి. కాలుష్య నిబంధనల కోసం, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ పనిచేయడం కోసం ఈసీయూ స్థిరమైన వేగంలో ఆ నిష్పత్తి దగ్గరే ఉంచుతుంది. ఆక్సిజన్ సెన్సర్ పొగను చూసి చెబుతుంటే ఇది సర్దుకుంటూ ఉంటుంది. ‘ఈసీయూ అన్నీ తనే నేర్చుకుంటుంది, సైలెన్సర్ మారిస్తే ఏమీ చేయనక్కర్లేదు’ అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. అది సగం నిజం. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ సెన్సర్ మాట వినడం మానేసి, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పెట్రోలు పోస్తుంది. సైలెన్సర్ ఒక్కటే మారిస్తే తేడా చిన్నదే, బండి తట్టుకుంటుంది. దానితోపాటు ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూత కూడా కోసేస్తే గాలి పెరిగి పెట్రోలు చాలదు. మంట వేడెక్కుతుంది, పట్టిక మార్చక తప్పదు. దానికి లాప్‌టాప్, తగిన కేబులు, అన్నిటికంటే ముందు పాత పట్టికను కాపీ చేసి భద్రపరిచే బుద్ధి కావాలి.

కార్బురేటర్ ఉన్న తొలినాటి కొత్త క్లాసిక్‌లలో ఇదే పని జెట్లతో జరుగుతుంది. అక్కడా ఒక ఉచ్చు ఉంది. వాటిలో ఎక్కువ భాగం వాక్యూమ్‌తో స్లైడు లేచే కార్బురేటర్లు. వాటికి ఎయిర్‌బాక్స్‌లోని నిలకడైన గాలి కావాలి. దాన్ని పీకేసి, ఒక్కో కార్బురేటర్‌కు ఒక్కో చిన్న గుండ్రటి ఫిల్టర్ తగిలిస్తే బండి చూపుకు ఖాళీగా, అందంగా ఉంటుంది. మధ్య వేగంలో మాత్రం పికప్ చచ్చిపోతుంది. ఎన్ని జెట్లు మార్చినా ఆ గుంత పూర్తిగా పూడటం కష్టం.

ఎక్సలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపటమని పేలితే వెంటనే ‘పెట్రోలు చాలట్లేదు’ అని తేల్చేస్తారు. కాకపోవచ్చు. కాలుష్యం తగ్గించడానికి చాలా ఇంజన్లలో ఎగ్జాస్ట్ దారిలోకి తాజా గాలిని వదిలే చిన్న వాల్వు ఉంటుంది. మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి సైలెన్సర్‌లో మండుతుంది. కంపెనీ సైలెన్సర్ ఆ చప్పుడును మింగేస్తుంది, ఖాళీ గొట్టం మింగదు. ఎగ్జాస్ట్ జాయింటు దగ్గర ప్యాకింగ్ పాతదై గాలి పీల్చినా ఇదే శబ్దం. పట్టికలు మార్చే ముందు కొత్త ప్యాకింగ్ వేసి చూడటం చవకైన వైద్యం. అన్నట్టు ఎగ్జాస్ట్ గొట్టానికి గుడ్డ పట్టీ చుట్టే ఫ్యాషన్ ఒకటుంది. వానలో తడిసిన పట్టీ నీటిని గొట్టానికి అదిమిపట్టి ఉంచుతుంది. మామూలు స్టీలు గొట్టం లోలోపలే తుప్పుతో తినబడి, పట్టీ విప్పిన రోజున జల్లెడలా కనిపిస్తుంది.

వైరింగ్ జోలికి పోయే మార్పుల్లో తేలికైనది ఇండికేటర్లు, అదే ఎక్కువమందిని తికమక పెడుతుంది. పాత బల్బు 21 వాట్లది, రెండు కలిపి మూడున్నర ఆంపియర్ల దాకా లాగుతాయి. ఎల్ఈడీలు అందులో పదో వంతు కూడా లాగవు. కరెంటు తగ్గింది కాబట్టి బల్బు పోయిందనుకుని ఫ్లాషరు (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే రిలే) గబగబా కొట్టుకుంటుంది. చాలామంది దీనికి రెసిస్టర్లు తగిలిస్తారు, అవి పాత బల్బులంత కరెంటును ఊరికే వేడిగా మార్చి పక్కనున్న ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. కరెంటు చూడని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ రిలే మార్చడమే సరైన దారి. ఫ్లాషర్ ఈసీయూలోనో మీటరులోనో కలిసిపోయిన కొత్త బండ్లలో ఆ వీలుండదు, అక్కడ ఆ బండికే చేసిన మాడ్యూల్ వెతుక్కోవాలి.

తీగలు అతికేటప్పుడు టంకం గట్టిదనిపిస్తుంది. వణికే బండిలో అది బలహీనత. కరిగిన టంకం తీగ పోగుల్లోకి పాకి వాటిని పుల్లలా చేస్తుంది, ఆ పుల్ల ఆగిపోయే చోట తీగ వంగి వంగి తెగుతుంది. మంచి క్రింపింగ్ సాధనంతో నొక్కిన జోడింపు, దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం ఎక్కువ కాలం నిలుస్తాయి. ప్రతి కొత్త పరికరానికీ బ్యాటరీ దగ్గరే దాని సొంత ఫ్యూజు ఉండాలి. వెనక ఫ్రేము కోసి గుండ్రటి కడ్డీ వెల్డింగ్ చేయించే పని ఉంటే, ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఈసీయూ కనెక్టరు కూడా ఊడదీయాలి. ఆ కోత వెనక్కి తీసుకోలేనిది కాబట్టి, మడ్‌గార్డు తీశాక వెనక చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు సీటు అడుగును తాకుతుందా అన్నది కోయకముందే షాకబ్జార్బర్లు విప్పి, చక్రాన్ని చేత్తో ఎత్తి చూడాలి.

చట్టం ఎక్కడికక్కడ వేరు. కానీ శబ్దం, నంబరు ప్లేటు, ఇండికేటర్ల మధ్య దూరం, కేటలిటిక్ కన్వర్టర్, ఈ నాలుగింటి మీద దాదాపు అన్ని చోట్లా ఏదో ఒక నిబంధన ఉంటుంది. బీమా కంపెనీకి చెప్పని మార్పు మీద ప్రమాదం తర్వాత గొడవ రావడమూ మామూలే. అందుకని విప్పిన ప్రతి కంపెనీ భాగాన్నీ, దాని బోల్టులతో సహా విడివిడి సంచుల్లో పెట్టి, మీద తేదీ, ఎన్ని కిలోమీటర్ల దగ్గర విప్పారో రాసి ఉంచడం మంచిది. పాత సైలెన్సర్‌ను నూనె గుడ్డలో చుట్టి, రెండు చివరలూ మూసి ఎండుగా ఉన్న చోట పెడితే ఏళ్ల తర్వాత కూడా తిరిగి బిగించుకోవచ్చు. ప్యాకింగ్ ఒక్కటి మాత్రం కొత్తది కొనాలి.